అరువు తెచ్చిన పండుగ

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా తప్పిపోతాయి, మన్నించండి. నా భర్త పోయిన తర్వాత సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. పొడుగు మాట వస్తే ఇప్పటికీ కలం ఆపి, పెదాలతో ఒకసారి పలుక్కుంటే గాని రాయలేను. ఈ కథ రాయడానికి మిరపకోతలు మొదలై ముగిసినంత కాలం పట్టింది. మీరు తొందర లేకుండా చదివితే చాలు.

ఎలీసమ్మ కల్లంలోకి వచ్చేసరికి మిగతా ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. ప్రత్తిపాడు దాటాక వచ్చే ఆ ఊళ్ళో చెంచయ్యగారి కల్లమే పెద్దది. ఎండిన మిరపకాయలు మోకాలెత్తు రాశిగా పోసి ఉన్నాయి. పక్కన నీలం పట్టా మడిచి ఉంది. రంగు పోయి తెల్లబడిన కాయ తాలు. దాన్ని ఏరి ఎడమ పక్కకు వెయ్యాలి, ఎర్రకాయను ముందుకు నెట్టాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగదు. ఒకళ్ళు దగ్గితే వరసంతా దగ్గుతుంది.

రోజూ అయితే ఆమె రాగానే ఎవరో ఒకరు జరిగి చోటిచ్చి, ఇంత ఆలస్యమేంటని సాధించేవాళ్ళు. ఆ సోమవారం ఎవరూ మాట్లాడలేదు. చోటు మాత్రం ఇచ్చారు.

ముందురోజు ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం. ఆరాధన చివర పాస్టరు నతానియేలు అయ్యగారు చెప్పిన మాట వాళ్ళ నోళ్ళను ఆ గుడ్డల కంటే గట్టిగా కట్టేసింది. ఆ పాలెంలో ఈస్టరు నాడు తెల్లవారుజామునే అందరూ సమాధుల దొడ్డికి పోతారు. సమాధులకు సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కణ్ణుంచి పాడుకుంటూ గుడికి వస్తారు. ఆ ఏడాదిలో పోయినవాళ్ళ సమాధికి మొదటి సున్నం ఇంటి మనిషే వెయ్యాలి. భర్త పోతే భార్య, కొడుకు పోతే తల్లి. ఆ పూత పడిన తర్వాతే మిగతావాళ్ళు తమవాళ్ళ సమాధులు ముట్టుకుంటారు. మొదటి ఈస్టరుకు సున్నం పడని సమాధిని దిక్కులేనిది అంటారు. ఎలీసమ్మ భర్త జక్కరయ్య పోయిన వానల్లో పోయాడు. ఈసారి మొదటి పూత ఆమెది.

అయ్యగారు అది వద్దన్నాడు. వసంతకాలంలో అన్యులు ఒక దేవతకు చేసుకున్న పండుగ అదనీ, పూలూ దీపాలూ సమాధుల పూజా అక్కడివేననీ, వాక్యంలో లేవనీ చెప్పాడు. ఈ ఏడాది ఎవరూ సమాధుల దగ్గరికి పోకూడదు. పోయి సున్నం వేసినవాళ్ళు సంఘం ముందు ఒప్పుకునేదాకా, రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు. అందరూ ఎలీసమ్మ వైపు చూశారు.

ఇప్పుడు కల్లంలో ఆమె పక్కన కూర్చున్నది రాఘవమ్మ. వరసలో అందరికంటే పెద్దది. ఆమె కొడుకు పురుగుమందు కొడుతూ చేలో పడిపోయి చాలా కాలమైంది. ప్రతి ఈస్టరుకూ ఆ సమాధి మీద ఆమె సున్నమే అందరి సున్నం కంటే మందంగా ఉండేది.

"అయ్యగారు వద్దన్నారుగా," అంది రాఘవమ్మ చాలాసేపటికి. "చదువుకున్నాయన. మనకేం తెలుసు. మానుకుంటే పోలా."

రాఘవమ్మ చెయ్యి ఎర్రకాయలు తీసి తాలులో వేస్తుండటం చూసి, ఎలీసమ్మ వాటిని మళ్ళీ ఏరి ఇవతల పెట్టింది.

మధ్యాహ్నం దాసు ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. దాసు ఎలీసమ్మ కొడుకు. డిగ్రీ చదివాడు గాని, ప్రస్తుతానికి కల్లాల నుంచి గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు బస్తాలు తోలుతున్నాడు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. తండ్రి దక్కలేదు. ఆ తర్వాత దాసు గుడి మెట్లెక్కలేదు.

బస్తాల్లో కాయలు తొక్కి నింపేవాళ్ళు అన్నాలకు పోయారు. దాసు వేపచెట్టు నీడలో ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, మీ అయ్యగారు చెప్పింది సగమే, మిగతా సగం వినండి అంటూ ఫోన్లో వీడియో పెట్టాడు. గంభీరమైన గొంతు తెలుగులో చెబుతోంది. ఏసు కంటే చాలా ముందు పారసీక దేశంలో ఒక దేవుడు డిసెంబరు ఇరవై అయిదున కన్యకు పుట్టాడట. పన్నెండుమంది శిష్యులట. చచ్చి మూడోరోజు లేచాడట. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఇంకో దేవుడిదీ అదే కథట. చంద్రవంక పెట్టుకున్న ఒక దేవత బొమ్మ వచ్చింది. వసంతం ఆమె పండుగ అని గొంతు చెప్పింది.

"చూశారా," అన్నాడు దాసు. "సమాధులకు సున్నం వెయ్యడమే కాదు. పుట్టడం, చావడం, లేవడం, అంతా అరువు సరుకే. అయ్యగారు కొమ్మ నరుకుతున్నాడు. వేరు సంగతి చెప్పడు."

మజ్జిగ కుండ తెచ్చిన చెంచయ్య భార్య శివపార్వతి ఆ మాట విని నవ్వింది. "ఏమే ఎలీసమ్మా, అరువు తెచ్చుకునేవాళ్ళు అంత దూరం పోవాలా? మా ఇంట్లో అంతమంది దేవుళ్ళున్నారు, మమ్మల్ని అడిగితే ఇచ్చేవాళ్ళం కదే."

"మీరిచ్చినా గుమ్మం బయట నిలబెట్టే ఇచ్చేవాళ్ళు కదండీ," అంది వరస చివర కూర్చున్న పిల్ల ఒకతి, గుడ్డ చాటు నుంచి. శివపార్వతి నవ్వు ఆగింది. మజ్జిగ పోసి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఆ మాటకు సాయంత్రం దాకా నవ్వుకునేవాళ్ళు.

ఎలీసమ్మ చేతుల మంటకు కాస్త మజ్జిగ రాసుకుంటూ కొడుకును అడిగింది. "ఆ దేవుళ్ళు లేచారు సరే. మనుషులు కూడా లేస్తారని ఎవరన్నా చెప్పారా?"

"అవన్నీ కథలమ్మా. పంట ఎండిపోయి మళ్ళీ మొలుస్తుంది కదా. అది చూసి అల్లుకున్నారు."

"అయితే మీ నాన్న?"

దాసు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆటో దగ్గరికి పోయి, ఎవరి సాయమూ లేకుండా ఒక బస్తాను ఒంటరిగా లేపబోయాడు. అది లేవలేదు.

బుధవారం పొద్దున నతానియేలు అయ్యగారే కల్లానికి వచ్చాడు. బండి దూరంగా ఆపి, కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గు ఆపుకుంటూ నిలబడ్డాడు. పర్చూరువాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇదే ఆయనకు మొదటి సంఘం. దాసు ఆ వీడియోను సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. కుర్రాళ్ళు దాని కింద నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. రెండు రోజులుగా ఆయనకు నిద్ర లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఆడవాళ్ళు లేవబోతే వద్దన్నాడు. తన ఉద్దేశం విడమరిచి చెప్పాడు. సంఘం మీద రాయి విసిరేవాళ్ళు మన దగ్గరున్న రాయినే తీసుకుని విసురుతున్నారు. అన్యుల నుంచి వచ్చిందేదైనా సరే మనంతట మనమే తీసి పారేస్తే, రేపు వాళ్ళ చేతికి ఏమీ మిగలదు. అప్పుడు ప్రభువు లేచాడన్న మాట ఒక్కటే శుభ్రంగా నిలబడుతుంది. మీ మీద కోపంతో కాదు, ఆ ఒక్క మాటను కాపాడటానికే ఇది చేస్తున్నానన్నాడు. 

ఎలీసమ్మకు ఆయన మీద జాలి వేసింది. అయినా అడిగింది.

"ప్రభువు లేచిన ఆదివారం పొద్దున్నే ఆ ఆడవాళ్ళు కూడా ఆయన సమాధి దగ్గరికే పోయారు కదయ్యా. సుగంధాలు పట్టుకుని."

"పోయారమ్మా. కాని అక్కడ దేవదూతలు వాళ్ళకు ఏం చెప్పారు? ఆయన ఇక్కడ లేడు అని చెప్పారు. మళ్ళీ మళ్ళీ సమాధి దగ్గరికి రమ్మని చెప్పలేదు."

"వాళ్ళు పోకపోతే ఆ మాట ఎవరు వినేవాళ్ళు?"

వరసలో చేతులు ఆగిపోయాయి. నతానియేలు ఆమెను చూశాడు. కోప్పడతాడనుకున్నారు. కోప్పడలేదు. నిదానంగానే అన్నాడు.

"అమ్మా, నీకు జక్కరయ్యగారి మీదున్న ప్రేమ నాకు తెలుసు. నీ ఒక్కదానికి సరేనంటే అందరికీ అనాలి. అందరికీ అంటే నేను చెప్పిన మాటకు విలువుండదు. ఒక్క సంవత్సరం ఓర్చుకో."

"వచ్చే ఏడాది వేస్తే అది మొదటి పూత కాదయ్యా."

ఆయన దగ్గు ఆపుకోలేకపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. రాఘవమ్మ ఎలీసమ్మ మోచేతి మీద గట్టిగా గిల్లింది. అయ్యగారికి ఎదురు చెప్పే నోరు ఎప్పుడొచ్చిందే నీకు అంది. ఆ పూటంతా మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

శుక్రవారం గుళ్ళో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం అయ్యాక ఎలీసమ్మ ఇంటికి పోలేదు. తెల్లచీరతోనే ఆటో ఎక్కి ప్రత్తిపాడు వెళ్ళింది. ఖాదర్ వలి కొట్లో సున్నపురాళ్ళు దొరుకుతాయి. వలి నమాజు నుంచి ఇంకా రాలేదు. అతని భార్య జానీబీ కొట్లో ఉంది. పత్తితీతల్లో ఆమే ఎలీసమ్మా ఏళ్ళ తరబడి పక్క పక్క సాళ్ళలో నడిచినవాళ్ళు.

సున్నం ఎందుకని జానీబీ అడగలేదు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో పాలెం సగం అక్కడికే వచ్చేది. ఈసారి ఇంకా ఎవరూ రాలేదేమని మాత్రం అడిగింది. ఎలీసమ్మ సంగతి చెప్పింది. అరువు పండుగ మాట కూడా చెప్పింది.

జానీబీ రాళ్ళు తూస్తూ నవ్వింది. "మీకూ వచ్చాడా అక్కా ఆ మాట చెప్పేవాడు? మా వీధికి ఎప్పుడో వచ్చాడు. సమాధి మీద పూలు పెడితే తప్పంట, అది మనది కాదంట. పక్కోళ్ళను చూసి నేర్చుకున్నామంట. మా ఆయన మానేశాడు."

"నువ్వు?"

"నేను పోతున్నా. మా అత్త నన్ను పదేళ్ళు తిట్టింది, పది కాన్పులకు సరిపడా చాకిరీ చేసింది. పూలు పెట్టడం ఎవరి దగ్గర నేర్చుకున్నామో నాకేం తెలుసు? అక్కడున్నది మా అత్త. అది తెలుసు."

"మీ ఆయన ఏమీ అనడా?"

"అంటాడు. అన్నం పెట్టేటప్పుడు అంటే వింటాను. తినేశాక మర్చిపోతాను." జానీబీ పొట్లం కట్టి ఇచ్చి, గొంతు తగ్గించింది. "కాని నాకు పోయేదేం లేదక్కా. మసీదులో నాకు ఎటూ చోటు లేదు. నీకు అట్లా కాదుగా. నిన్ను బల్ల నుంచి లేపేస్తారు. నువ్వు ఆలోచించుకో."

అదే మాట ఆటోలో వచ్చేటప్పుడు ఎలీసమ్మ ఛాతీ మీద కూర్చుంది. ఆమె ఊళ్ళో ఏ ఇంట్లోనూ గ్లాసు ముట్టుకోనివ్వని రోజులు చూసింది. ఆ రోజుల్లో కూడా బల్ల దగ్గర మోకరిస్తే రొట్టె ఆమె అరచేతిలోనే పెట్టేవాళ్ళు. ఒకే గిన్నెలో తాగేవాళ్ళు. అక్కడికి రావద్దని ఎవరూ అనలేదు ఇప్పటిదాకా. జక్కరయ్యను వదులుకోవాలా, బల్లను వదులుకోవాలా అన్నది ఆమెకు తెగలేదు. ఎదురుగా కూర్చున్న సంఘపెద్ద భార్య పొట్లం వంక చూసింది. పొట్లం సందుల్లోంచి తెల్లటి పొడి ఎలీసమ్మ ఒళ్ళో రాలుతోంది. ఆమె దులుపుకోలేదు.

ఆ సాయంత్రమే పెరట్లో మట్టికుండలో రాళ్ళు వేసి నీళ్ళు పోసింది. సున్నం కుతకుత ఉడికి, కుండ ముట్టుకోలేనంత వేడెక్కింది. దాసు గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత ఫోను పట్టుకుని మంచం మీద పడుకుని, చాలాసేపు ఏదో చదివాడు. మధ్యమధ్య లేచి కూర్చున్నాడు. పరీక్ష ముందురోజు పుస్తకంలా ఆ ఫోనును అంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నావని తల్లి అడిగితే, అయ్యగారితో తేల్చుకోవడానికి అన్నాడు.

తేల్చుకోవడానికి అయ్యగారే వచ్చాడు, శనివారం మధ్యాహ్నం. సంఘపెద్ద భార్య చెప్పేసింది. పెరట్లో కుండ ఆయనకు గుమ్మంలోంచే కనిపించింది. ఎలీసమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, పెద్దలు రాత్రి నా దగ్గరికొచ్చారు. నువ్వు సున్నం వేస్తే నిన్ను బల్ల నుంచి లేపాలి, లేకపోతే నేను వెళ్ళిపోవాలి అంటున్నారు. మాట ముందు నేనే అన్నాను. ఇప్పుడది నా చేతిలో లేదు."

దాసు మంచం మీద నుంచి లేచాడు. "అయ్యగారూ, ఒక్కటడుగుతాను. ఈ పండుగ ఆ దేవతదని మీకెవరు చెప్పారు?"

నతానియేలు తన ఫోను తీశాడు. అందులో ఎవరో పంపిన చిన్న పుస్తకం ఉంది, విశ్వాసులు విడిచిపెట్టవలసిన అన్యాచారాలని. వేలితో పేజీలు జరిపి ఒకచోట ఆపి చూపించాడు. ఎలీసమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా ఆ సైజులో చదవలేదు. కాని బొమ్మ కనిపించింది. చంద్రవంక పెట్టుకున్న దేవత.

"ఈవిడ దాసు ఫోన్లో కూడా ఉందే," అంది ఆమె. "మీ ఇద్దరికీ ఒకచోటి నుంచే వచ్చిందా ఇది?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. దాసు తన ఫోను తీసి ఆయన ఫోను పక్కన పెట్టి చూపించాడు. బొమ్మ అదే. కింద మాటలు కూడా అవే. ఒకటి సంఘాన్ని ఎగతాళి చెయ్యడానికి రాసింది. ఇంకొకటి సంఘాన్ని శుద్ధి చెయ్యడానికి రాసింది. మధ్యలో ఉన్నది ఒకటే.

దాసు మాట్లాడినప్పుడు గొంతులో గెలిచినవాడి పొగరు లేదు.

"నేను రాత్రి వెతికాను. మిమ్మల్ని ఓడించాలనే వెతికాను. ఆ పారసీక దేవుడు కన్యకు పుట్టలేదండీ. రాతిలోంచి పుట్టాడంట. పుట్టేటప్పటికే పెద్దవాడంట. తల్లే లేదు. ఐగుప్తు దేవుణ్ణి ముక్కలు చేస్తే భార్య కూర్చింది గాని, ఆయన మళ్ళీ ఈ లోకంలోకి రాలేదు. చచ్చినవాళ్ళ లోకంలోనే రాజుగా ఉండిపోయాడు. డిసెంబరు ఇరవై అయిదని పాత రాతల్లో వాళ్ళెవరికీ లేదు. ఈ దేవత పేరు ఎప్పుడో ఒక సన్యాసి ఒక్క ముక్క రాశాడంట. ఆవిడకు పూలు పెట్టారనీ, సమాధుల దగ్గర దీపాలు పెట్టారనీ ఎక్కడా లేదు. నేను పంపిన వీడియోలో సగం ఎవరో కల్పించింది."

"మిగతా సగం?" అన్నాడు నతానియేలు.

"మిగతా సగం నాకూ తెలీదు. డిసెంబరు మీ బైబిల్లో కూడా లేదు కదా."

"లేదు," అని అయ్యగారు ఒప్పుకున్నాడు. "ఆ తేదీ ఎవరు పెట్టారో గట్టిగా చెప్పలేమని మా గురువుగారు అనేవారు. మనుషులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం పూలే తెస్తారని కూడా అనేవారు." తన ఫోనులోని బొమ్మను మళ్ళీ చూశాడు. "నేనిది సరిచూసుకోలేదు. చూడకుండానే ప్రసంగం చేశాను."

"నేనూ చూడకుండానే పంపాను." దాసు నేల చూపులు చూశాడు. "అట్లాగని నాకు నమ్మకం వచ్చిందనుకోకండి. అరువు కాకపోతే నిజమైపోదు కదా."

"అవును," అన్నాడు నతానియేలు. "అరువు అయినా అబద్ధమైపోదు."

ఎలీసమ్మ ఇద్దరినీ అలా మాట్లాడుకోనిచ్చింది. వాళ్ళకు అందులో ఏదో ఊరట దొరుకుతున్నట్టుంది. ఆమెకు దొరకలేదు. ఆమె అడిగింది వేరే సంగతి.

"రేపటి మాటేంటయ్యా?"

నతానియేలు నోరు తెరిచి మూశాడు. పెద్దల ముందు అన్న మాట. మొదటి సంఘం. వెనక్కి తీసుకుంటే ఇంకెప్పుడూ ఏ మాటా నిలబడదు. అవన్నీ ఆయన ముఖంలో కనబడుతూనే ఉన్నాయి.

"మీ మాట సంగతి మీరు చూసుకోండి," అంది ఎలీసమ్మ. "నేను మాత్రం పొద్దున్నే సున్నం వేస్తాను. ఆయన సమాధిని అట్లా వదలలేను. వేసిన తర్వాత గుడికి వస్తాను, వెనక కూర్చుంటాను. బల్ల దగ్గరికి రాను. మీరు వద్దన్న తర్వాత దాచిపెట్టి తినను."

ఆయన తల ఊపాడు. అది సరేననడమో, ఇంకేమిటో తెలియలేదు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోవడం మర్చిపోయి, వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చాడు.

ఆదివారం తూరుపు తెల్లబడుతుండగా ఎలీసమ్మ కుండ చంకనెత్తుకుంది. దాసు బిందెతో నీళ్ళు మోశాడు. నాకు నమ్మకం లేదు, నీళ్ళు బరువని వస్తున్నానన్నాడు. దొడ్డిలో ఇంకెవరూ లేరు. ప్రతి ఏడూ ఈ వేళకు దొడ్డి నిండా మనుషులు, బకెట్ల చప్పుడు, పిల్లల మీద కేకలు. ఇప్పుడు సమాధులన్నీ పాత సున్నం పెచ్చులూడి, నల్లగా, ఎవరూ పలకరించని ముసలివాళ్ళలా ఉన్నాయి. జక్కరయ్య సమాధి మాత్రం సిమెంటు రంగులో కొత్తగా ఉంది.

కొబ్బరిపీచు కుంచె సున్నంలో ముంచి తలవైపు నుంచి మొదలుపెట్టింది. వారమంతా మిరపకాయలు ఏరిన చేతులు. గోళ్ళ పక్కన చీలికల్లోకి సున్నం దిగి నిప్పులా మండింది. ఆమె ఆగలేదు. వెయ్యడం పూర్తయ్యాక కొవ్వొత్తి వెలిగించింది. పాట పాడదామనుకుంది గాని ఒంటరి గొంతుకు రాలేదు. కుండలో సగం పైగా సున్నం మిగిలింది. దాన్ని గోడ పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది. మడతల్లో తెల్లదనం పోలేదు.

ఆరాధన వేళకు గుడిలో అందరూ ఉన్నారు. ముందు వరసలో పెద్దలు. ఎలీసమ్మ వెనక, గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. ఎవరూ తిరిగి చూడలేదు, ఆమె వచ్చిందని అందరికీ తెలుసు గనక. దాసు బయట ఆటోలో కూర్చున్నాడు. నతానియేలు పునరుత్థాన వాక్యం చదివాడు. ఆడవాళ్ళు సమాధి దగ్గరికి బయలుదేరిన చోట ఒకసారి ఆగాడు. గొంతు సర్దుకుని మళ్ళీ చదివాడు. ప్రసంగంలో అన్యుల ఊసు ఎత్తలేదు. తన మాటను వెనక్కి తీసుకున్నాననీ చెప్పలేదు.

బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. ఒక్కొక్క వరసా లేచి ముందుకు పోయి మోకరించి, రొట్టె తీసుకుని వచ్చి కూర్చుంది. మొదట పెద్దలు, తర్వాత మగవాళ్ళు. ఆడవాళ్ళ వంతు మొదలవబోతుండగా నతానియేలు పళ్ళెం పట్టుకుని మెట్లు దిగాడు. నడవలో చివరి దాకా నడిచి వచ్చి, చాప ముందు ఆగాడు. ముందు వరసలో పెద్దల బెంచీ కిర్రుమంది. ఒక పెద్ద లేచి నిలబడ్డాడు.

ఎలీసమ్మ అరచేతులు ఒళ్ళోనే ఉన్నాయి. "నేను సున్నం వేశానయ్యా," అంది.

"చూశాను. వచ్చేటప్పుడు అటే వచ్చాను." ఆయన రొట్టె ముక్క తీసి పట్టుకున్నాడు. తర్వాత గుడంతా వినబడేలా అన్నాడు. "పోయిన ఆదివారం నేను తెలుసుకోకుండా ఒక మాట చెప్పాను. అది ప్రభువు మాట కాదు. నా మాట. తప్పు నాది. ఈమెది కాదు."

ఎలీసమ్మకు కళ్ళు మసకబారాయి. అరచెయ్యి చాపింది. ఆయన రొట్టె పెట్టాడు. నిలబడిన పెద్ద ఇంకా నిలబడే ఉన్నాడు.

అప్పుడు మాట్లాడింది ఆ పెద్ద కాదు. నడవ పక్కన కూర్చున్న రాఘవమ్మ.

"మరి నేనయ్యా?"

నతానియేలు తిరిగి చూశాడు.

"మీరు వద్దన్నారని నేను మానుకున్నాగా," అంది రాఘవమ్మ. గొంతు పెంచలేదు. "వాడు పోయిన కాడి నుంచి ఒక్క ఏడు తప్పలేదు. రాత్రంతా కూర్చున్నా. పోదామా అనుకుని మీ మాటకు ఆగిపోయా. మాట విన్నదాన్ని నేను. నా కొడుకు నల్లగా పడున్నాడు అక్కడ."

నతానియేలు పళ్ళెం పట్టుకుని ఆ ముసలమ్మ ముందు అలా నిలబడిపోయాడు. రాఘవమ్మ నేలకు చెయ్యి ఆనించి లేచింది. మోకాళ్ళు పట్టేస్తే పక్కామె భుజం పట్టుకుంది. ఆ పక్కామె కూడా లేచింది. ఆమె వెనక ఇంకొకామె. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. ఆడవాళ్ళ వైపంతా గుమ్మం వైపు కదిలింది.

ఎలీసమ్మ చేతిలో రొట్టె ఇంకా అలాగే ఉంది. అది కావాలని ఆమె వారమంతా ఎంత తపించిందో ఆమెకే తెలుసు. దాన్ని ఒకసారి చూసి, లేచి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"అందరితో పాటు తీసుకుంటానయ్యా," అంది.

బయట దాసు ఆటోలోంచి దిగి, తల్లి ముఖం చూశాడు. ఖాళీ బిందె తీసుకుని బోరు దగ్గరికి నడిచాడు.

దొడ్డిలో మిగిలిన సున్నంలో నీళ్ళు కలిపి పలచన చేశారు. కుంచె ఒకటే. రాఘవమ్మకు ముందిచ్చారు. ఆమె సమాధి పక్కన చతికిలబడి, పెచ్చులను గోటితో గీరి, ఊది, అప్పుడు కుంచె ముంచింది. మిగతావాళ్ళు తమ వంతు కోసం నిలబడ్డారు. దొడ్డి గోడ మీదుగా గుడి కనిపిస్తోంది. నతానియేలు బల్ల మీద మళ్ళీ గుడ్డ కప్పి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దలు ఇద్దరు ఆయనతో చేతులూపుతూ ఏదో అంటున్నారు. ఆయన ఇటే చూస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది.

బల్ల దగ్గరికి మనం వస్తామని అయ్యగారు కనిపెట్టుకుని ఉన్నాడు, తొందరగా కానిద్దామా అని ఎవరో అన్నారు.

రాఘవమ్మ తల తిప్పలేదు. "ఉండమను," అంది. "ఇది ఆరాలి. ఆరాక రెండో పూత వెయ్యాలి."

తలతోటి కరుణమ్మ
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉంటున్నది పర్చూరులో